గోధుమ పడనివారి పథ్యం



హైదరాబాదు పాతబస్తీలో నివసించే ఒక తల్లి ఇటీవల ఒక ప్రశ్న అడిగారు. ఆమె కుమార్తెకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా కడుపుబ్బరం, విడవని విరేచనాలు. ఎన్ని సీసాల ఐరన్ టానిక్ తాగించినా పాపకు రక్తం పట్టలేదు. తరగతిలో తోటి పిల్లలకంటే జానెడు పొట్టిగా ఉండిపోయింది. నులిపురుగుల మందు వేశారు, తిండి మార్చారు, నీళ్ళు మార్చారు. చివరికి రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి ఇది సీలియాక్ వ్యాధి అని వైద్యులు తేల్చారు. జీవితాంతం గోధుమ ముట్టకూడదన్నారు. తల్లి ఆ రోజునుండే ఇంట్లో చపాతీలు మానేశారు. అయితే పాప ఈ సంవత్సరం సత్యోపదేశ తరగతికి వెళుతోంది, మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడుతోంది. మన బలిపీఠం మీది అప్పం గోధుమదే కదా! అంత పలుచని అప్పం కొంచెం తింటే ఏమవుతుందని నాయనమ్మ అంటున్నారట. పాప మాత్రం భయపడుతోంది. తల్లికి ఏం చెప్పాలో తోచడం లేదు.

ఈ ప్రశ్నకు శ్రీసభ ఇచ్చిన స్పష్టమైన సమాధానం ఉంది, అక్కడికి వస్తాను. దానికంటే ముందు నాయనమ్మగారు పలికిన 'కొంచెం' అనే మాట సంగతి తేల్చుకోవాలి. ఎందుకంటే ఈ వ్యాధిలో బాధంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

గోధుమలోను, బార్లీలోను, విదేశాల్లో పండే రై అనే ధాన్యంలోను గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంది. చపాతీ పిండి సాగేది, రొట్టె పొంగేది దీనివల్లనే. మామూలు మనిషికి దీనివల్ల ఏ హానీ లేదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారి శరీరంలో మాత్రం గ్లూటెన్ లోపలికి వెళ్ళగానే వ్యాధి నిరోధక శక్తి దారి తప్పి తన చిన్నప్రేవు మీద తానే దాడి చేస్తుంది. చిన్నప్రేవు లోపలి గోడకు చూషకాలు అనే సన్నని వేళ్ళలాంటి భాగాలుంటాయి. తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. దాడికి అవి అరిగి చదునైపోతాయి. ఇక పాలు, గుడ్లు, ఆకుకూరలు ఎన్ని పెట్టినా ఒంటికి పట్టవు. రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, నోటిలో పూతలు, కొందరికి దురదపెట్టే పొక్కులు, కొందరు స్త్రీలకు సంతానం నిలవకపోవడం, ఇవన్నీ ఈ ఒక్క మూలంనుండి రావచ్చు. కొందరికి విరేచనాలే ఉండవు. అందువల్లనే ఏళ్ళ తరబడి ఎవరూ దీన్ని అనుమానించరు.

ఇది అంటువ్యాధి కాదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు ఏదో తినడంవల్ల వచ్చిందీ కాదు. పుట్టుకతో వచ్చే కొన్ని జన్యులక్షణాలు ఉన్నవారిలో కొద్దిమందికి మాత్రమే వస్తుంది. ఇంట్లో ఒకరికి ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. వారికి వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ.

గోధుమే కారణమని లోకానికి తెలిసి ఇంకా నూరేళ్ళు కాలేదు. 1888లో లండనులో శామ్యూల్ జీ అనే వైద్యుడు ఈ జబ్బు లక్షణాలను చక్కగా వర్ణించి, నయం కావలసి వస్తే అది ఆహారం ద్వారానే కావాలని రాశాడు. ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. హాలండు దేశంలో విల్లెమ్ డికె అనే పిల్లల వైద్యుడు గోధుమను ముందే అనుమానించాడు. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో ఆ దేశంలో భయంకరమైన కరువు వచ్చి రొట్టె దొరకలేదు. దేశమంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు ఉన్న పిల్లలు కొంత తేరుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే మళ్ళీ జబ్బుపడ్డారు. డికె తన పరిశీలనలను 1950లో సిద్ధాంతగ్రంథంగా సమర్పించాడు. ఆకలి చావుల కాలంలోనుంచి ఇలాంటి జ్ఞానం రావడం తలచుకుంటే మనసు ఒకరకంగా అయిపోతుంది.

మన తెలుగునాట ఈ వ్యాధి పేరు చెబితే అది ఉత్తరాదివారి జబ్బు కదా అనేవారు ఇప్పటికీ ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో దేశంలోని మూడు ప్రాంతాల్లో ఇరవై మూడు వేలమందికి పైగా పెద్దలను పరీక్షించారు. ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి, దక్షిణాదిలో 0.10 మందికి ఈ వ్యాధి కనబడింది. దక్షిణాదిలో పరీక్షలు జరిపింది వేలూరు ప్రాంతంలో. అక్కడివారు రోజుకు సగటున తినే గోధుమ 25 గ్రాములు, ఉత్తరాదివారు తినేది 455 గ్రాములు. కాని ఆ జన్యులక్షణాలు మాత్రం మూడు ప్రాంతాల్లోనూ దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయి, పెద్ద తేడా లేదు.

ఈ లెక్కను పాతబస్తీకి యథాతథంగా అన్వయించకూడదని నా అభిప్రాయం. భూగోళం ప్రకారం మనది దక్షిణాదే. తిండి ప్రకారం చార్మినారు చుట్టుపక్కల సంగతి వేరు. తెల్లవారితే ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్టు, నహారీతో పురానీ హవేలీ తందూరుల్లో కాలే నాలుగు మూలల నాన్, సాయంత్రం లుఖ్మీ, సమోసా, పెళ్ళిలో షీర్మాల్, డబుల్ కా మీఠా. రంజాన్ నెలలో హలీం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీంలో మాంసంతోపాటు ముఖ్యమైనది గోధుమే. బార్కాస్‌లో అరబ్బు సంతతివారు వండే హరీస్ కూడా గోధుమతోనే. ఇక్కడ పెరిగిన పిల్లవాడి కడుపులోకి వెళ్ళే గోధుమ వేలూరు పల్లెలో పెరిగినవాడి కడుపులోకి వెళ్ళేదానితో సమానం కాదు. కాబట్టి రక్తహీనత ఎంతకూ తగ్గకపోతే, పిల్లల ఎదుగుదల ఆగితే, ఈ జబ్బు మనకు రాదులే అనుకోకుండా వైద్యులను ఒక్కమాట అడగండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. అనుమానం వచ్చిన వెంటనే చాలామంది గోధుమ మానేసి, నెమ్మదిగా ఉందనిపించిన తరువాత పరీక్షకు వెళతారు. అలా చేయకూడదు. రక్తంలో వెదికే ప్రతిరక్షకాలు గ్లూటెన్ తింటున్నప్పుడే కనబడతాయి. మానేసిన కొన్ని నెలలకు అవి తగ్గిపోయి ఫలితం తప్పుగా వస్తుంది. ముందు టి.టి.జి. రక్తపరీక్ష, దానిలో తేలితే ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేవు ముక్క తీసి చూడడం, ఆ తరువాతే పథ్యం. ఈ వరుస తప్పితే నిజంగా జబ్బు ఉందో లేదో తెలియక మనిషి జీవితాంతం సందేహంలో ఉండిపోతాడు. జీర్ణకోశ వైద్య విభాగాలున్న ఆసుపత్రులు నగరంలో ఉన్నాయి. పాతబస్తీవారికి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి దూరం కాదు.

ఇక పథ్యం విషయానికి వద్దాం. పథ్యం అనగానే మనకు తట్టేది పది రోజుల వ్యవహారం. కామెర్లు తగ్గేదాకా, జ్వరం దిగేదాకా. తరువాత ఆవకాయ ముద్దతో పథ్యం విడిచేస్తాం. సీలియాక్ పథ్యానికి విడుపు లేదు. దీనికి మాత్రలు లేవు, సూదిమందు లేదు, గ్లూటెన్ లేని ఆహారమే మందు. మానేస్తే చూషకాలు మళ్ళీ చిగురిస్తాయి. పిల్లల్లో త్వరగా, పెద్దవారిలో కొన్నేళ్ళు పట్టవచ్చు. బాగానే ఉన్నాం కదా అని మళ్ళీ మొదలుపెడితే పైకి ఏమీ తెలియకుండానే లోపల గోడ మళ్ళీ అరుగుతుంది.

'కొంచెం' అంటే ఎంత? 2007లో ప్రచురితమైన ఒక ఇటలీ పరిశోధనలో వ్యాధిగ్రస్తులకు మూడు నెలలపాటు రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఇస్తే ప్రేవు దెబ్బతిన్నది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి ప్రమాదం లేదని వైద్యులు సాధారణంగా భావిస్తారు. ఒక చపాతీకి సుమారు 30 గ్రాముల పిండి పడుతుందనుకుంటే అందులో సుమారు 3 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. పది మిల్లీగ్రాములంటే ఆ చపాతీని మూడువందల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క! పీట మీద మిగిలిన పిండి, గరిటెకు అంటుకున్నది, ఇవి చాలు.

మన అదృష్టమేమంటే తెలుగువారి వంటిల్లు అన్నం మీద నిలిచింది. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పులన్నీ, కూరగాయలు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. పంజాబులో ఒక తల్లి మొత్తం వంటను తలకిందులు చేసుకోవాలి. మన తల్లి చపాతీ స్థానంలో జొన్నరొట్టె పెడితే చాలు. ఇడ్లీ, బియ్యం దోసె, పెసరట్టు, పులిహోర, గారెలు, అరిసెలు, సంక్రాంతి సకినాలు, పాతబస్తీ ఉదయపు కిచిడీ ఖట్టా, ఇవన్నీ స్వభావరీత్యా పనికివచ్చేవే. 'గ్లూటెన్ రహితం' అని రాసి పెద్ద దుకాణాల్లో అమ్మే ఖరీదైన బిస్కెట్ల కోసం పేద కుటుంబం అప్పు చేయనక్కరలేదు. కొనదలిస్తే మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని తెలుసుకోండి.

అయితే కనబడే గోధుమను మానడం తేలిక. కనబడనిదే మనల్ని ఓడిస్తుంది.

మొదటిది గిర్ని. జొన్నలు కడిగి, ఎండబెట్టి, శుభ్రంగా గిర్నికి తీసుకువెళతాం. మనకంటే ముందు ఒకాయన పదికిలోల గోధుమలు పట్టించుకుని వెళతాడు. ఆ రాళ్ళ మధ్య మిగిలిన గోధుమపిండి అంతా మన జొన్నపిండిలోకి వస్తుంది. జొన్నరొట్టె తింటున్నా పాపకు విరేచనాలు ఎందుకు తగ్గడం లేదో తల్లికి అర్థం కాదు. గోధుమ పట్టని మర వేరుగా దొరికితే సరే, లేకపోతే ఇంట్లో మిక్సీలోనో చిన్న మరలోనో కొద్దికొద్దిగా పట్టుకోవాలి. పట్టేముందు జొన్నల్లో గోధుమ గింజలు కలిశాయేమో చేటలో పోసి ఏరుకోవాలి. బజారులో విడిగా అమ్మే శనగపిండికీ ఇదే మాట వర్తిస్తుంది. ఇంట్లో శనగపప్పు ఆడించుకుంటే నిశ్చింత.

రెండవది ఇంగువ. ఇది విన్నప్పుడు ఆశ్చర్యపోనివారిని నేను చూడలేదు. మనం డబ్బాల్లో కొనే ఇంగువ చాలావరకు అసలు ఇంగువ కాదు, మైదాపిండి, జిగురు కలిపి తయారుచేసినది. పప్పులో, చారులో, పులిహోరలో, పచ్చళ్ళలో చిటికెడు పడుతుంది. డబ్బా మీద ఏమేమి కలిపారో చదవండి. బియ్యంపిండితో చేసినవి కూడా అమ్ముతారు. అర్థం కాకపోతే ఇంగువ లేకుండా వెల్లుల్లి పోపు వేసుకోండి, రుచికి లోటుండదు.

తరువాత రవ్వలు. ఇడ్లీరవ్వ బియ్యానిది, ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ గోధుమది. సేమ్యా గోధుమదే. మైసూరు బోండా మైదాదే. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా, బండివాడు అదే నూనెలో బోండాలు, సమోసాలు వేయిస్తే అది కూడా పనికిరాదు. హోటల్లో దోసె పెనం మీద అంతకుముందు మైదా కలిపిన రవ్వదోసె పోసి ఉండవచ్చు. జ్వరం వచ్చిన పిల్లలకు ప్రేమగా ఇచ్చే బార్లీ నీళ్ళు, బలానికని పాలలో కలిపే మాల్టు పొడులు ఈ పిల్లలకు విషంతో సమానం. మాల్టు అంటే మొలకెత్తిన బార్లీయే.

ఇక బిర్యానీ. బియ్యం, మాంసం, పెరుగు, మసాలా, ఇందులో గోధుమ ఎక్కడుంది? దమ్ము పెట్టేటప్పుడు డేగిసా అంచుకు, మూతకు మధ్య ఆవిరి పోకుండా పూసే పిండిలో ఉంది. మూత తీసేటప్పుడు ఎండిన ఆ పిండి పెచ్చులు అన్నంలో పడతాయి. పెళ్ళి భోజనానికి పాపను తీసుకువెళ్ళే తల్లి వంటవాడిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

అన్నిటికంటే కష్టమైనది ఇరుగుపొరుగు. పాతబస్తీలో పండుగ ఒక ఇంటిది కాదు. రంజాన్‌కు గిన్నెడు హలీం, ఈద్‌కు షీర్‌ఖుర్మా మన గుమ్మంలోకి వస్తాయి. క్రిస్మస్‌కు మన కేకు, గులాబీ పువ్వులు వారింటికి వెళతాయి. తీసుకోకపోతే మనసు నొచ్చుకుంటుందని పాప చేత ఒక చెంచా తినిపించేస్తాం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దీనికి చక్కని మాట ఉంది: పరహేజ్. ఫలానాది హకీం వద్దన్నాడు, పరహేజ్ అంటే అక్కడ ఎవరూ బలవంతపెట్టరు. మన ఇళ్ళలోనే 'పిల్ల కదా, కొంచెం తిననీ' అంటాం. పాపకు కూడా ఆ మాట నేర్పండి. నాకు పరహేజ్ ఉంది ఖాలాజాన్ అని అది స్వయంగా చెప్పగలిగితే, వచ్చే ఏడు ఆ ఇంటివారే దానికోసం ఖుబానీ కా మీఠా విడిగా తీసిపెడతారు. మన గులాబీ పువ్వుల్లో కూడా మైదా మానేసి బియ్యప్పిండి, గుడ్డు, కొబ్బరిపాలతో చేయవచ్చు. కాస్త పెళుసుగా వస్తాయి, అంతే.

గోధుమ మానినంత మాత్రాన బలం రాదని కూడా చెప్పాలి. పాలిష్ పట్టిన తెల్లన్నం ఒక్కటే తింటే రక్తం పట్టదు. రాగి సంకటి, సజ్జరొట్టె, తోటకూర, పప్పు, గుడ్డు ఉండాలి. మొదటి నెలల్లో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం, విటమిన్ డి వైద్యులు రాసినంతకాలం వాడాలి. ప్రేవు మానేదాకా కొందరికి పాలు అరగవు, అది తాత్కాలికమే. ఆరునెలలకో ఏడాదికో టి.టి.జి. పరీక్ష మళ్ళీ చేయిస్తే పథ్యం ఎంత బాగా సాగుతోందో తెలుస్తుంది.

ఇప్పుడు తల్లి అడిగిన ప్రశ్న. శ్రీసభ చట్టం 924వ నిబంధన ప్రకారం దివ్యబలిపూజలో వాడే అప్పం గోధుమతో మాత్రమే చేసినదై ఉండాలి. బియ్యపు అప్పంతో పూజ చెల్లదు. సాధారణ అప్పం బరువు పావు గ్రాము, అందులో పదోవంతు గ్లూటెన్ అనుకుంటే 25 మిల్లీగ్రాములవుతుంది. రోజు మొత్తానికి చెప్పిన పది మిల్లీగ్రాముల హద్దును ఆ ఒక్క అప్పమే దాటుతుంది. పాప భయంలో న్యాయముంది, నాయనమ్మగారు క్షమించాలి.

2003 జూలై 24న విశ్వాస సిద్ధాంత సంఘం తరఫున కార్డినల్ రాట్జింగర్‌గారు, అనగా తరువాత జగద్గురువులైన 16వ బెనెడిక్టుగారు, లోకంలోని పీఠాధిపతుల సమాఖ్యలకు ఒక లేఖ రాశారు. గ్లూటెన్ పూర్తిగా తీసేసిన అప్పం చెల్లదు. అయితే అప్పంగా నిలవడానికి చాలినంత కొద్ది గ్లూటెన్ ఉండి, ఇతర పదార్థాలేవీ కలపని గోధుమ అప్పం చెల్లుతుంది. ఆ అప్పం కూడా తీసుకోలేనివారు ద్రాక్షారస రూపంలో మాత్రమే సత్ప్రసాదం స్వీకరించవచ్చు. పీఠాధిపతి ఒకసారి అనుమతిస్తే ఆ వ్యాధి ఉన్నంతకాలం అది చెల్లుతుంది. 2017లో దైవారాధన సంఘం కార్డినల్ రాబర్ట్ సారాగారి సంతకంతో ఇదే మాటను మరల గుర్తుచేసింది. అమెరికాలోని క్లైడ్ పట్టణంలో బెనెడిక్టు సభ కన్యాస్త్రీలు నూటికి 0.01 వంతుకు మించని గ్లూటెన్‌తో అప్పాలు తయారుచేస్తున్నారు. పావు గ్రాము అప్పంలో అది 0.025 మిల్లీగ్రాములు మాత్రమే. అలాంటివి ఎక్కడనుండైనా తెప్పించుకోగలిగితే వైద్యునికి చెప్పి వాడవచ్చు.

తెప్పించలేకపోతే ద్రాక్షారసమే సులభమైన దారి. ఇది రెండవ తరగతి సత్ప్రసాదమని ఎవరూ అనుకోకూడదు. క్రీస్తునాథుడు రెండు రూపాల్లోనూ ప్రతి ఒక్కదానిలోనూ సంపూర్ణంగా ఉన్నాడని ట్రెంటు మహాసభ 1551లోనే బోధించింది.

అమ్మా, మీరు చేయవలసింది ఇది. వైద్యుల చీటీ తీసుకుని ఒక నెల ముందే విచారణ గురువులను కలవండి. చాలామంది గురువులకు ఈ వ్యాధి పేరు కొత్తగా ఉండవచ్చు, నొచ్చుకోకుండా వివరించండి. పీఠాధిపతి అనుమతి వారే చూస్తారు. పాపకోసం బలిపీఠం మీద చిన్న పానపాత్ర వేరుగా పెట్టాలి. పూజగురువు అప్పాన్ని విరిచి ఒక ముక్కను తన పాత్రలో వేస్తారు కనుక ఆ పాత్రనుండి పాపకు ఇవ్వరాదు. ఆ చిన్న పాత్రనుండి ముందుగా పాపే తాగాలి, అప్పం నోట్లో ఉన్నవారు దానిని తాకకూడదు. తుడిచే గుడ్డ కూడా వేరుగా ఉండాలి. ఒక గుటక చాలు. రసం ఘాటుకు పాప ముఖం చిట్లించకుండా సత్యోపదేశం చెప్పే సిస్టరుగారు ముందే చెప్పి ఉంచితే బాగుంటుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో బిర్యానీ వండితే డేగిసా మూతకు పిండి పూయవద్దు. తడిగుడ్డ మందంగా మడిచి అంచు చుట్టూ కట్టి, పైన రోకలిబండ పెట్టండి.